ఇరవై ఇళ్లు మారిన రచయిత్రి: లూయీసా మే ఆల్కాట్

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి లైబ్రరీ పీరియడ్‌లో ఒక చిక్కు మొదలవుతుంది. ఒక బీరువాలో బొమ్మల పుస్తకాలు, పంచతంత్రం, తెనాలి రామలింగడి కథలు ఉంటాయి. అవి చిన్నపిల్లలవని మీకు అనిపిస్తుంది. ఎదుటి బీరువాలో లావుపాటి నవలలు ఉంటాయి. అవి పెద్దవాళ్లవని మాకు అనిపిస్తుంది. పదమూడు నుంచి పదిహేడేళ్ల లోపు వాళ్లు ఈ రెండు బీరువాల మధ్య నిలబడిపోతారు. చాలామంది ఏదో ఒక క్విజ్ పుస్తకం తీసుకుని, పీరియడ్ అయ్యాక తిరిగి పెట్టేసి వెళ్లిపోతారు. కథలు చదివే అలవాటు ఎక్కువగా జారిపోయేది సరిగ్గా ఈ వయసులోనే అని మేము అనేక ఊళ్లలో, అనేక బడుల్లో చూశాము.

నూట యాభై ఏళ్ల క్రితం ఇదే చిక్కు అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక ప్రచురణకర్తకు వచ్చింది. ఎదిగే ఆడపిల్లలు ఇష్టపడి చదివే నవల ఒకటి కావాలని ఆయన ఒక రచయిత్రిని అడిగాడు. ఆమెకు ఆ పని ఇష్టం లేదు. అయినా రాసింది. ఆ పుస్తకం పేరు ‘లిటిల్ ఉమెన్’. ఆమె పేరు లూయీసా మే ఆల్కాట్. ఆమె జీవితాన్ని మీకు చెప్పాలనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీలో చాలామంది రెండు మూడేళ్లకొకసారి ట్రంకు పెట్టెలు సర్దుకుని ఊరు మారేవాళ్లు. లూయీసా మీకంటే ఎక్కువ ఇళ్లు మారింది.

నాన్న బడి, నాన్న అప్పులు

లూయీసా 1832 నవంబరు 29న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జర్మన్‌టౌన్‌లో పుట్టింది. ఆ రోజే ఆమె తండ్రి పుట్టినరోజు కూడా. నలుగురు అక్కచెల్లెళ్లలో ఆమె రెండవది. పెద్దది అన్నా, మూడవది ఎలిజబెత్, చివరిది మే. తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ ఉపాధ్యాయుడు. పాఠం బట్టీ పట్టించడం, తప్పు చెబితే బెత్తంతో కొట్టడం మామూలుగా ఉన్న రోజుల్లో, పిల్లల్ని ప్రశ్నలు అడిగి వాళ్ల చేతే ఆలోచింపజేయాలని నమ్మినవాడు. 1834లో బోస్టన్‌లో అలాంటి బడి ఒకటి తెరిచాడు. మొదట్లో మంచి పేరొచ్చింది. తర్వాత ఆయన పిల్లలతో మతవిషయాల మీద జరిపిన సంభాషణల్ని పుస్తకంగా వేస్తే ఊరి పెద్దలకు కోపం వచ్చింది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. కొన్నాళ్లకు ఆయన మరో చిన్న బడి నడుపుతూ అందులో ఒక నల్లజాతి అమ్మాయిని చేర్చుకున్నాడు. ఆమెను పంపేస్తే తప్ప తమ పిల్లలు రారని మిగిలిన తల్లిదండ్రులు పట్టుబట్టారు. ఆయన ఆ అమ్మాయిని పంపలేదు. 1839లో బడి మూతపడింది.

ఇది గొప్ప పనే. కానీ గొప్ప పనికి ఇంట్లోవాళ్లు కూడా ధర చెల్లించారు. తండ్రికి ఆ తర్వాత స్థిరమైన సంపాదన లేదు. ఎక్కడ అద్దె తక్కువైతే అక్కడికి, ఏ స్నేహితుడు ఆదుకుంటే ఆ ఊరికి కుటుంబం కదిలేది. లూయీసాకు పాతికేళ్లు వచ్చేలోపు ఆల్కాట్ కుటుంబం 20కి పైగా ఇళ్లు మారింది. మన బదిలీలకు ఆర్డరు ఉంటుంది, కొత్త ఊళ్లో క్వార్టర్సు ఉంటుంది, బడిలో సీటు ఉంటుంది. ఆమెకు ఇవేవీ లేవు. తల్లి అబిగెయిల్ ఓర్పు, నాన్న పాఠాలు, నలుగురు పిల్లల ఆటలు, ఇవే ప్రతి ఇంటికీ వెంట వెళ్లిన సామాను.

కాంకర్డ్ ఊరు, ఇరుగుపొరుగు

1840లో వాళ్లు బోస్టన్‌కు దగ్గర్లోని కాంకర్డ్ అనే చిన్న ఊరికి చేరారు. ఆ ఊళ్లో తత్వవేత్త ఎమర్సన్ ఉండేవాడు. వాల్డెన్ చెరువు ఒడ్డున కుటీరం కట్టుకుని రెండేళ్లు గడిపిన థోరో ఉండేవాడు. థోరో పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్లి చెట్లనూ పిట్టలనూ చూపించేవాడు. ఎమర్సన్ తన ఇంటి పుస్తకాల గదిలోకి లూయీసాను రానిచ్చేవాడు. ఏది చదవాలో ఏది చదవకూడదో గీత గీయకుండా ఒక పెద్దమనిషి తన అలమరాలు తెరిచి పెట్టడం ఆ అమ్మాయికి దొరికిన పెద్ద అదృష్టం. జర్మన్ మహాకవి గేటే పుస్తకాలు ఆమెకు అక్కడే పరిచయమయ్యాయి.

ఆ మూలకు మన దేశంతో కూడా ఒక చిన్న సంబంధం ఉంది. ఎమర్సన్, థోరోలు ఇద్దరూ ఇంగ్లీషులోకి వచ్చిన భగవద్గీతను ఇష్టంగా చదివినవాళ్లు. ఆ ప్రాంతపు చెరువుల్లో చలికాలంలో గడ్డకట్టిన మంచును రంపాలతో కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో కలకత్తాకూ మద్రాసుకూ పంపేవారు. ఆ మంచు దాచడానికి కట్టిన భవనం చెన్నై మెరీనా ఎదురుగా ఇప్పటికీ ఉంది. పాతవాళ్లు ఐస్ హౌస్ అంటారు. ఇప్పుడు అది వివేకానందుడి పేరు మీద ఉంది. మద్రాసులో చదువుకున్న మన తాతలు, ముత్తాతలు ఆ భవనం ముందునుంచి నడిచినవాళ్లే.

చన్నీళ్ల స్నానం, నార బట్టలు

లూయీసాకు పదేళ్లప్పుడు తండ్రి ఇంకో ప్రయోగం చేశాడు. 1843 జూన్‌లో స్నేహితులతో కలిసి ఫ్రూట్‌లాండ్స్ అనే పొలంలో కొత్త తరహా సమాజం మొదలుపెట్టాడు. అక్కడ మాంసం, పాలు, గుడ్లు నిషిద్ధం. పత్తి బట్టలు వేసుకోకూడదు, ఎందుకంటే పత్తి బానిసల చెమటతో పండుతుంది. ఉన్ని వేసుకోకూడదు, ఎందుకంటే అది గొర్రెది. నార బట్టలే కట్టాలి, చన్నీళ్లే పోసుకోవాలి. ఆదర్శాలు ఎత్తుగానే ఉన్నాయి. పంట కోతకొచ్చిన సమయానికి మగవాళ్లు ఉపన్యాసాలివ్వడానికి ఊళ్లు తిరుగుతుంటే, తల్లీ పిల్లలూ గింజలు తడిసిపోకుండా ఇంట్లోకి చేరవేశారు. చలికాలం వచ్చేసరికి తిండి లేదు, కట్టెలు లేవు. ఏడు నెలలకే, 1844 జనవరిలో, ఆ పొలం వదిలేశారు. తండ్రి మంచం పట్టాడు. ఇల్లు నిలబెట్టే బాధ్యత తల్లి మీద పడింది. ఆ చిన్న వయసులోనే లూయీసా ఒక నిర్ణయానికి వచ్చింది. ఎప్పటికైనా తానే సంపాదించి ఈ అప్పులు తీర్చాలి, అమ్మను కూర్చోబెట్టి చూసుకోవాలి.

1845లో మళ్లీ కాంకర్డ్ వచ్చి హిల్‌సైడ్ అనే ఇంట్లో మూడేళ్లు ఉన్నారు. పదమూడేళ్ల లూయీసాకు మొదటిసారి తనదంటూ ఒక గది దొరికింది. తోటలోకి తెరుచుకునే తలుపున్న చిన్న గది. అక్కడ కూర్చుని నాటకాలు రాసేది. అక్కచెల్లెళ్లు కొట్టాన్ని రంగస్థలం చేసి ఆ నాటకాలు ఆడేవారు. మీసాల దొంగల వేషాలు ఎప్పుడూ లూయీసావే. కొన్నాళ్లకు ఇంట్లోనే చేతిరాత పత్రిక కూడా నడిపారు. ఈ పత్రికకు రాసే మీలాంటివాళ్లకు ఆ సరదా వేరే చెప్పక్కర్లేదు.

చేయని పని లేదు

ఆ మూడేళ్లు అయ్యాక డబ్బు కోసం కుటుంబం మళ్లీ బోస్టన్ చేరింది. తల్లి పేదవాళ్ల ఇళ్లకు తిరిగి సహాయం అందించే ఉద్యోగం చేసింది. లూయీసా బట్టలు కుట్టింది, పిల్లలకు పాఠాలు చెప్పింది, ఇళ్లలో పనిమనిషిగా కూడా చేరింది. ఒక ఇంట్లో ఏడు వారాలు పొయ్యి బూడిదెత్తి, నీళ్లు మోసి, బూట్లు తుడిచినందుకు చేతిలో పెట్టింది 4 డాలర్లు. ఆ డబ్బు ఇంట్లోవాళ్లు తిప్పి పంపేశారు. రాత్రులు కథలు రాసేది. మొదటి కథ 1852లో అచ్చయితే 5 డాలర్లు వచ్చాయి. ఎమర్సన్ కూతురు ఎలెన్‌కు చెప్పిన కథల్ని 1854 చివర్లో పుస్తకంగా వేస్తే 30 పైచిలుకు డాలర్లు వచ్చాయి.

ఆ రోజుల్లో బోస్టన్‌లో పేరున్న ప్రచురణకర్త జేమ్స్ ఫీల్డ్స్. ఆయన లూయీసా రాసినది చూసి, రచన ఆమె వల్ల అయ్యే పని కాదని, పాఠాలు చెప్పుకోవడమే మంచిదని సలహా ఇచ్చాడు. చిన్నపిల్లల బడి పెట్టుకోవడానికి 40 డాలర్లు అప్పు కూడా ఇచ్చాడు. బడి నడవలేదు. తర్వాత ఎన్నో ఏళ్లకు, పేరొచ్చాక, ఆమె ఆ 40 డాలర్లూ ఆయనకు పంపించింది.

1858లో చెల్లెలు ఎలిజబెత్ చనిపోయింది. పేదపిల్లలకు సేవ చేయబోతే అంటుకున్న జ్వరం ఆమెను రెండేళ్లు కృంగదీసి చివరికి తీసుకుపోయింది. ఆమెకు అప్పటికి 22 ఏళ్లు. అదే ఏడు పెద్దక్క అన్నాకు పెళ్లి నిశ్చయమైంది. నలుగురి గుంపు అలా విడిపోయింది. ఆ ఏడే కుటుంబం ఆర్చర్డ్ హౌస్ అనే ఇంట్లోకి మారింది. ఎట్టకేలకు అది నిలకడైన ఇల్లయింది.

ఆసుపత్రిలో ఆరు వారాలు

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వం పోవాలని కోరుకున్న కుటుంబం వాళ్లది. పారిపోయి వచ్చిన ఒక బానిసకు హిల్‌సైడ్ ఇంట్లో చోటిచ్చి దాచినవాళ్లు కూడా. ఆడపిల్ల కాబట్టి యుద్ధానికి వెళ్లలేని లూయీసా 1862 డిసెంబరులో వాషింగ్టన్ దగ్గర ఒక సైనిక ఆసుపత్రిలో నర్సుగా చేరింది. హోటల్ భవనాన్ని ఆసుపత్రిగా మార్చారు. గాలి ఆడదు, తడి, కుళ్లు వాసన. చేరిన కొద్దిరోజులకే ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధంలో గాయపడిన సైనికులు బండ్ల మీద వచ్చారు. ఆమె గాయాలు కడిగింది, చేతులు లేనివాళ్లకు అన్నం తినిపించింది, చనిపోబోయేవాళ్ల ఉత్తరాలు రాసిపెట్టింది. ఆరు వారాలు తిరగకుండానే టైఫాయిడ్ తగిలింది. తండ్రి వచ్చి ఇంటికి తీసుకెళ్లాడు. అప్పటి వైద్యం ప్రకారం పాదరసం కలిసిన మందు ఇచ్చారు. ప్రాణం దక్కింది కానీ ఆరోగ్యం దక్కలేదు. ఒళ్లునొప్పులు, నీరసం జీవితమంతా ఆమెను విడవలేదు. ఆ మందే కారణమని ఆమె నమ్మింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలను సరిచేసి 1863లో ‘హాస్పిటల్ స్కెచెస్’ పేరుతో అచ్చు వేయించింది. పాఠకులు మెచ్చుకున్నారు. కల్పించిన వీరగాథల కంటే తాను కళ్లారా చూసిన సంగతిని సూటిగా, కొంచెం హాస్యం కలిపి చెబితే జనం వింటారని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఇంకో రకం రచన కూడా ఆమె చేసేది. అది చాలాకాలం ఎవరికీ తెలియదు. ఎ. ఎం. బర్నార్డ్ అన్న మారుపేరుతో వారపత్రికలకు రహస్యాలు, మోసాలు, పగలు నిండిన ఉత్కంఠ కథలు రాసింది. ఇల్లు గడవడానికి అవి పనికొచ్చాయి. ఆ మారుపేరు వెనుక ఉన్నది లూయీసాయేనని 1940లలో ఇద్దరు పుస్తక పరిశోధకురాళ్లు బయటపెట్టారు. ఆ కథలు రాయడం వల్ల ఆమెకు ఒక విద్య పట్టుబడింది. చదివేవాళ్లు పేజీ తిప్పేలా ఎలా చేయాలో ఆమెకు చేతికొచ్చింది.

ఇష్టం లేకుండా మొదలైన పుస్తకం

1867లో రాబర్ట్స్ బ్రదర్స్ సంస్థకు చెందిన థామస్ నైల్స్ ఆమెను ఆడపిల్లల నవల రాయమన్నాడు. మగపిల్లల కోసం సాహస కథలు బాగా అమ్ముడుపోతున్న కాలం అది. ఆడపిల్లలకు ఉన్నవి ఎక్కువగా నీతిపాఠాలే. వాటిలో మంచి పిల్ల ఎప్పుడూ మంచిపిల్లే. చెడ్డ పిల్లకు చివరి పేజీలో శిక్ష పడుతుంది. లూయీసాకు ఆ రకం పుస్తకాలంటే విసుగు. పైగా తన అక్కచెల్లెళ్లు తప్ప తనకు ఆడపిల్లల సంగతి పెద్దగా తెలియదని ఆమె అభిప్రాయం. వాయిదా వేస్తూ వచ్చింది. ఈలోగా తండ్రి రాసిన పుస్తకాన్ని కూడా అదే సంస్థ వేస్తుందన్న ఆశ కనిపించింది. నాన్న కోసమైనా రాయాల్సి వచ్చింది.

1868 మే నెలలో మొదలుపెట్టింది. ఆర్చర్డ్ హౌస్‌లో ఆమె పడకగదిలో, రెండు కిటికీల మధ్య, తండ్రి చేసిపెట్టిన అర్ధచంద్రాకారపు బల్ల ఉండేది. తెలిసిన ఆడపిల్లలు అక్కచెల్లెళ్లే కాబట్టి వాళ్లనే రాసింది. అన్నా ‘మెగ్’ అయింది. ఎలిజబెత్ ‘బెత్’ అయింది. మే ‘ఏమీ’ అయింది. తాను ‘జో’ అయింది. పన్నెండు అధ్యాయాలు పూర్తయ్యాక నైల్స్‌కు పంపింది. చప్పగా ఉన్నాయని ఆయనకు అనిపించింది. ఆమెకూ అలాగే అనిపించింది. అయినా ఆగకుండా జూలై నాటికి 402 పేజీలు పూర్తి చేసింది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగి చూడండి. రాసినావిడకు చప్పగా ఉంది. వేసేవాడికి చప్పగా ఉంది. ఇద్దరూ తెలివైనవాళ్లే, పుస్తకాల మధ్య బతికినవాళ్లే. ఆ ఇద్దరి తీర్పే చివరిదై ఉంటే ఆ కాగితాలు సొరుగులోనే ఉండిపోయేవి. నైల్స్ ఒక మంచి పని చేశాడు. ఆ రాతప్రతిని తన మేనకోడలికి ఇచ్చాడు. ఆ అమ్మాయి కింద పెట్టకుండా చదివింది. ఇంకొందరు అమ్మాయిల చేత కూడా చదివించాడు. వాళ్లందరికీ నచ్చింది. ఎవరి కోసం రాశారో వాళ్ల మాట విని ఆయన తన అభిప్రాయాన్ని పక్కన పెట్టాడు.

1868 సెప్టెంబరు చివర్లో పుస్తకం వచ్చింది. మొదటి ముద్రణ 2,000 ప్రతులు త్వరలోనే అయిపోయాయి. ఒకేసారి డబ్బు తీసుకుని హక్కులు వదులుకోవద్దని, హక్కులు తన దగ్గరే ఉంచుకుని ప్రతి కాపీకీ వాటా తీసుకోమని నైల్స్ అంతకు ముందే ఆమెకు సలహా ఇచ్చాడు. ఆ సలహా ఆల్కాట్ కుటుంబాన్ని ముప్పై ఏళ్ల అప్పుల్లోంచి బయటికి లాగింది.

ఆ పుస్తకంలో ఏముంది?

పెద్ద సాహసాలు లేవు. నలుగురు అక్కచెల్లెళ్లు, యుద్ధానికి వెళ్లిన తండ్రి, ఇంటిని నడిపే తల్లి, పక్కింటి అబ్బాయి. ఆ అబ్బాయిని తాతగారు ఇండియాతో వ్యాపారం చేసేవాడిగా చూడాలనుకుంటాడు. అతనికేమో సంగీతం కావాలి. పెద్దపిల్ల మెగ్‌కు స్నేహితురాళ్ల ఖరీదైన బట్టలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. జో మగపిల్లాడిగా పుట్టలేదని చిరాకు పడుతుంది. కోపమొచ్చిన ఏమీ అక్క రాసుకున్న కథల పుస్తకాన్ని పొయ్యిలో వేసి కాల్చేస్తుంది. ఆ కోపం అంత తేలిగ్గా చల్లారదు. క్షమించడానికి జోకు ఒక పెద్ద ప్రమాదం తప్పిపోవాల్సి వస్తుంది. ఇంట్లో అన్నాదమ్ములో అక్కాచెల్లెళ్లో ఉన్న ఎవరికైనా ఇది కల్పన అనిపించదు. తప్పు చేసిన పిల్ల చెడ్డపిల్ల అయిపోదని, మంచి పిల్లకు కూడా అసూయ ఉంటుందని పదమూడేళ్ల పాఠకులకు ఒక నవల చెప్పడం ఆ రోజుల్లో కొత్త.

మాకు మరీ ముఖ్యంగా తోచిన సంగతి ఇంకొకటి. నవలలోని ఆ కుటుంబానికి ఊరు మారే అవస్థ లేదు. పిల్లలు పెరుగుతారు, పెళ్లిళ్లవుతాయి, ఒకరు చనిపోతారు, ఒకరు విదేశాలకు వెళ్తారు. ఆ ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. నిజానికి ఆ సంఘటనల్లో చాలావరకు హిల్‌సైడ్‌లోనూ ఇతర అద్దె ఇళ్లలోనూ జరిగినవి. వాటన్నిటినీ ఏరి తెచ్చి ఒకే కప్పు కింద సర్దింది. తనకు దొరకని స్థిరమైన ఇంటిని జోకు ఇచ్చింది. బదిలీల మీద తిరిగే మాలాంటి, మీలాంటి వాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. జామచెట్టు ఒక ఊళ్లో, మేడమెట్లు ఇంకో ఊళ్లో, మంచి స్నేహితుడు మూడో ఊళ్లో వదిలి వచ్చినవాళ్లం మనం. అవన్నీ ఒకచోట ఉండే ఇల్లు కాగితం మీదే కట్టుకోవాలి. రాసేవాళ్లు కట్టుకుంటారు. చదివేవాళ్లు అందులో కాసేపు ఉండి వస్తారు.

పాఠకుల ఉత్తరాలు

మొదటి భాగం చదివిన అమ్మాయిలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఎవరికి ఎవరితో పెళ్లి? ముఖ్యంగా జోకు పక్కింటి అబ్బాయితో పెళ్లి చేయాలని కోరిక. లూయీసాకు ఒళ్లు మండింది. ఆడపిల్ల జీవితానికి పెళ్లి ఒక్కటే గమ్యమా అని ఆమె ప్రశ్న. తాను పెళ్లి చేసుకోలేదు, జోను కూడా అలాగే రచయిత్రిగా ఉంచాలనుకుంది. అమ్మకాలు, ప్రచురణకర్త, పాఠకులు ఒక వైపు లాగుతున్నారు. చివరికి మధ్యేమార్గం తీసింది. పక్కింటి అబ్బాయితో కాకుండా, ఎవరూ ఊహించని నడివయసు జర్మన్ ప్రొఫెసర్‌తో పెళ్లి చేసింది. 1868 నవంబరు 1న మొదలుపెట్టి రెండు నెలల్లో రెండో భాగం రాసేసింది. 1869 ఏప్రిల్‌లో అది వచ్చింది. అప్పుడు అలిగిన పాఠకులు ఇప్పటికీ అలుగుతూనే ఉన్నారు. చదివి వాదించుకోవాలనిపించే పుస్తకం బతికే ఉంటుంది.

డబ్బు వచ్చింది. అప్పులన్నీ తీరాయి. డాక్టర్లకు, కిరాణా కొట్లకు ఏళ్లుగా బాకీపడ్డవి కూడా తీర్చింది. అమ్మకు వెచ్చని గది ఏర్పాటు చేసింది. చిన్న చెల్లెలు మేను బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి ఐరోపా పంపింది. 1877లో మే వేసిన చిత్రం పారిస్ ప్రదర్శనకు ఎంపికయింది. ఆ ఏడే తల్లి పోయింది. 1879 డిసెంబరులో మే ప్రసవమైన కొన్ని వారాలకే చనిపోయింది. ఆ పసిపాపకు పెద్దమ్మ పేరే పెట్టారు. మరుసటి ఏడు పాపను సముద్రం దాటించి పెద్దమ్మ చేతుల్లో పెట్టారు. నలభై ఏడేళ్ల వయసులో లూయీసా తల్లి అయింది.

మాసచూసెట్స్ రాష్ట్రంలో 1879లో ఆడవాళ్లకు బడుల కమిటీ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు వచ్చింది. కాంకర్డ్‌లో మొదట పేరు నమోదు చేయించుకున్న మహిళ లూయీసా. చేతి నొప్పితో, తలనొప్పితో ఇంకా రాస్తూనే ఉంది. 1871లో ‘లిటిల్ మెన్’, 1886లో ‘జోస్ బాయ్స్’ వచ్చాయి. 1888 మార్చి 4న తండ్రి చనిపోయాడు. రెండు రోజుల తర్వాత, మార్చి 6న, ఆమె కన్నుమూసింది. అప్పటికి 55 ఏళ్లు. కాంకర్డ్‌లోనే, ఎమర్సన్, థోరోల సమాధులకు దగ్గర్లో ఆమెను ఉంచారు. ఆర్చర్డ్ హౌస్ ఇప్పుడు మ్యూజియం. ఆ అర్ధచంద్రాకారపు బల్ల ఇంకా అక్కడే ఉంది.

పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

ఈ జీవితం నుంచి లైబ్రరీ పీరియడ్‌కు పనికొచ్చే మాటలు కొన్ని మేము ఏరుకున్నాము.

మొదటిది, నీతి ఎంత ఉందో చూసి పుస్తకం తీసుకోకండి. మనుషులు ఉన్నారా లేదా చూడండి. పాత్ర తప్పు చేయగలదా, సిగ్గుపడగలదా, మళ్లీ లేవగలదా? అలాంటి పాత్ర దొరికితే నీతి దానంతట అదే వస్తుంది.

రెండోది, ఉత్కంఠ కథల్ని చిన్నచూపు చూడకండి. లూయీసా వాటితోనే చేయి తిప్పుకుంది. సత్యజిత్ రాయ్ తన కుటుంబం నడిపిన పిల్లల పత్రిక ‘సందేశ్’ కోసమే ఫెలూదా డిటెక్టివ్ కథలు మొదలుపెట్టాడు. పరుగెత్తే కథ చదివిన కళ్లు కొన్నాళ్లకు నెమ్మదిగా నడిచే కథను కూడా చదవగలవు.

మూడోది, మీ వయసువాళ్లు రాసినవీ, మీ వయసు గురించి రాసినవీ వెతకండి. రస్కిన్ బాండ్ తన మొదటి నవల ‘ది రూమ్ ఆన్ ద రూఫ్’ రాసినప్పుడు ఆయనకు పదిహేడేళ్లు. తెలుగులో సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కథలు’ ఒక అల్లరి ఆడపిల్ల చిన్నతనాన్ని ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెబుతాయి. తెలుగు చదవడం కొంచెం మెల్లగా వచ్చేవాళ్లు అమ్మమ్మ చేతనో నాయనమ్మ చేతనో చదివించుకుని వినండి.

నాలుగోది, పది పేజీలు చదవండి. నచ్చకపోతే తిరిగి పెట్టేయండి, తప్పేం లేదు. నచ్చలేదని పక్కన పెట్టే స్వేచ్ఛ ఉన్నవాళ్లే నచ్చినదాన్ని గట్టిగా పట్టుకుంటారు.

చివరిది మాలాంటి పెద్దలకూ మీకూ కలిపి. పుస్తకాల జాబితా మేమే తయారుచేస్తాము, బిల్లు మేమే పాస్ చేస్తాము. తీర్పు మాత్రం చదివినవాళ్లది. నైల్స్ మేనకోడలి మాట లేకపోతే ఆ నవల భవిష్యత్తు ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? అందుకని మీకొక పని. మార్చి వచ్చాక మీలో ఎవరి నాన్నకో అమ్మకో బదిలీ ఆర్డరు వస్తుంది, టీసీ తీసుకుంటారు, ట్రక్కు వస్తుంది. వెళ్లేముందు లైబ్రరీలో మీకు బాగా నచ్చిన ఒక పుస్తకం తీయండి. చిన్న చీటీ మీద ఇది ఎవరికి నచ్చుతుందో, ఎందుకు నచ్చుతుందో రెండు వాక్యాలు రాయండి. ఏ భాషలో అయినా సరే. మీ పేరూ తరగతీ రాసి మొదటి పేజీలో పెట్టండి. జూన్‌లో ఇంకో ఊరి నుంచి వచ్చి, ఎవరూ తెలియక, ఆ రెండు బీరువాల మధ్య నిలబడిన పిల్లకో పిల్లాడికో ఆ చీటీ దొరుకుతుంది. లైబ్రేరియన్ గారిని అడిగాము, చీటీలు తీసేయబోమని మాట ఇచ్చారు.